మావయ్యకి మంచినీళ్ళు

ఐసులో పెట్టానని చెప్పాను. ఐసు కరిగిపోయిందని చెప్పలేదు.

ఈ రెండు మాటల మధ్య పదేళ్ళకు పైగా బతికాను. మొదటిది అబద్ధం కాదు. అందుకే దాని వెనక అంతకాలం దాక్కోగలిగాను. పచ్చి అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారి ఉండేవాణ్ణి. సగం నిజం అలా కాదు, లోపల కుదురుగా కూర్చుంటుంది, మనతోపాటు అన్నం తింటుంది, మనతోపాటు నిద్రపోతుంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కాస్త తేలిక.

నాకు నిడదవోలులో మందుల షాపు ఉంది. చిన్నప్పుడే నాన్న పోతే నన్ను ఫార్మసీ డిప్లొమా దాకా చదివించింది మా అమ్మ తమ్ముడు. షాపుకి బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు హామీ సంతకం పెట్టింది కూడా ఆయనే. మావయ్య పంచదార ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. ఆయనా అత్తయ్యా మా షాపు వెనక వీధిలోనే ఉండేవారు. రిటైరైన రోజు ఫ్యాక్టరీవాళ్ళు శాలువాతో పాటు ఇద్దరికీ కలిపి ఆరోగ్య బీమా పాలసీ ఒకటి ఇచ్చారు. మావయ్య దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అత్తయ్య పట్టుచీరల మధ్య దాచాడు. ఇంటికి ఎవరొచ్చినా "నాకేంటండీ, జబ్బు చేస్తే బీమావాడు చూసుకుంటాడు" అనేవాడు.

మా వీధి చివర టీకొట్టు దగ్గర ఓ కుక్కపిల్ల తిరిగేది. మావయ్య పొద్దున్నే టీ తాగుతూ దానికి బిస్కెట్ వేసేవాడు. ఒకరోజు దానికేమైందో, చెయ్యి చాచిన మావయ్య పిక్క పట్టుకుంది. మర్నాటికి అది ఊళ్ళో ఎక్కడా లేదు. కుక్క కళ్ళెదుట ఉంటే దానికి పిచ్చి ఉందో లేదో కొన్నాళ్ళు కనిపెట్టి చూడొచ్చు గానీ, ఏమైందో తెలియనప్పుడు సూదులు వేయించుకోక తప్పదన్నాడు డాక్టరు.

అప్పట్లో దానికి రెండు దారులు. పెద్దాసుపత్రికి వెళ్తే బొడ్డు చుట్టూ సూదులు ఊరికే వేసేవారు. లేదా కొత్తగా వచ్చిన మందు కొనుక్కుని చేతికి వేయించుకోవాలి. అది ఐదు డోసులు, ఖరీదెక్కువ. మావయ్య మొదటి దారే అన్నాడు. నేనే పడనివ్వలేదు. "ఈ వయసులో పొట్ట మీద అన్ని పోట్లు ఏం పడతావు మావయ్యా, చేతికి వేసేది తెప్పిస్తాను" అన్నాను. ప్రేమతోనే అన్నాను. ఆ ప్రేమలో, మందు నా షాపులోనే అమ్ముడవుతుందన్న ఆలోచన ఏ మూలైనా ఉందా? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. లేదని ఒట్టు వేయలేను.

మావయ్య పాలసీ కవరు చంకలో పెట్టుకుని బీమా ఆఫీసుకి వెళ్ళాడు. ఆసుపత్రిలో చేరి మంచం మీద పడుకుంటేనే డబ్బిస్తారట. సూది వేయించుకుని ఇంటికి పోయేవాళ్ళకి ఏమీ రాదట. తిరిగొచ్చి షాపులో నా స్టూలు మీద కూలబడ్డాడు. అత్తయ్య కూడా అక్కడే ఉంది.

"కుక్క సరిగ్గా కరవలేదురా అబ్బాయ్! ఇంకాస్త మనసుపెట్టి కరిచి మంచమెక్కించుంటే పాలసీ పనికొచ్చేది."

"మీరు దానికి వేసేది అరబిస్కెట్టే కదండీ," అంది అత్తయ్య. "అరబిస్కెట్టుకి అంతకన్నా ఎంత కరుస్తుంది పాపం?"

ముగ్గురం నవ్వాం. నవ్వాక మావయ్య ఇంటికి వెళ్ళి కట్టుడు పళ్ళ కోసం దాచుకున్న డబ్బు తెచ్చాడు. పైవరస అప్పటికే కట్టించుకున్నాడు. కిందివరస మిగిలింది. "పైవి నవ్వడానికి, కిందివి నమలడానికీనూ. కొన్నాళ్ళు నవ్వుతూ గడిపేద్దాం" అని ఐదు డోసుల డబ్బూ ఒకేసారి నా చేతిలో పెట్టాడు. ఆ మందు చల్లగా ఉంచకపోతే పాడవుతుంది, వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. మందు నా షాపు ఫ్రిజ్‌లోనే ఉంచాను.

రెండు డోసులు చక్కగా జరిగాయి. మూడోది వేసే లోపే తుఫాను వచ్చింది.

కొబ్బరిచెట్లు కరెంటు తీగల మీద పడ్డాయి. ఊరంతా చీకటి. మా వైపు రొయ్యల చెరువులు జోరుగా లేస్తున్న రోజులవి. ఊరి బయట ఐసు ఫ్యాక్టరీకి సొంత జనరేటరుండేది. వానలోనే వెళ్ళి ఒక దిమ్మ తెచ్చాను. రొయ్యలు ఎత్తే పెట్టె ఒకటి అడిగి తీసుకుని, అడుగున ఊక పోసి, ఐసు పగలగొట్టి నింపి, మిగిలిన మూడు సీసాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి మధ్యలో పెట్టాను. ఆ పూట నేను తప్పు చేయలేదు. ఆ పూట నేను మంచి మేనల్లుణ్ణే. ఫ్యాక్టరీలో అతను "రేపు మళ్ళీ రండి, ఆలస్యమైతే మాత్రం రొయ్యలవాళ్ళు ఎత్తుకుపోతారు" అని ముందే చెప్పాడు.

మర్నాడు నేను వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదు? దారి మూసుకుపోయిందా? లేదు. జ్వరమొచ్చిందా? లేదు. వాన తెరిపివ్వగానే షాపు ముందు జనం. విరేచనాల మాత్రలు, క్లోరిన్ బిళ్ళలు, జ్వరం మందులు, దోమల చక్రాలు, ఆఖరికి కొవ్వొత్తులు కూడా నా దగ్గరే అడుగుతున్నారు. షాపు పెట్టాక అంత గిరాకీ నేనెప్పుడూ చూడలేదు. షట్టరు దించి సైకిలెక్కితే అరగంట పని. ఈ ఒక్క మనిషినీ పంపించి వెళ్దాం, ఈ ఒక్క మనిషినీ పంపించి వెళ్దాం అనుకుంటూ చీకటి పడేదాకా అమ్మాను. ఆ మర్నాడు వెళ్తే ఐసు లేదు. లారీలు ఎత్తుకుపోయాయి. ఆ తర్వాత పెట్టె మూత తీయడానికే భయమేసి ఇంకో రెండు రోజులు తీయలేదు. తీస్తే ఊక ముద్దయిపోయి, గోరువెచ్చటి నీళ్ళలో సంచి తేలుతోంది. సంచిలోకి నీళ్ళు దూరి సీసాల మీద కాగితాలు ఊడొచ్చాయి. తుడిచి, ఆరబెట్టి, జిగురుతో మళ్ళీ అతికించాను. కరెంటు రాగానే ఫ్రిజ్‌లో పెట్టేశాను. మళ్ళీ చల్లబడితే అంతా సర్దుకుంటుందన్నట్టు.

రాజమండ్రిలో మందుల ఏజెన్సీ ఉంది. రైలెక్కితే గంట దూరం. కొత్త సీసాలు కొనడానికి డబ్బు లేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. ఆ గిరాకీతో గల్లాపెట్టె నిండుగా ఉంది. కానీ కొత్తవి తెస్తే పాతవి ఏమయ్యాయో చెప్పాలి. ఐసుకి ఎందుకు వెళ్ళలేదో చెప్పాలి. నిన్ను చదివించింది ఇందుకేనా అని ఆయన అనడు. అనడనే నాకు భయం.

మావయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి దాకా బురదతో వచ్చాడు. ఆయన అడగకపోతే నేను ఈ కథ ఇంకోలా చెప్పుకునేవాణ్ణేమో. ఆయన అడిగాడు.

"ఇన్నాళ్ళూ కరెంటు లేదు కదరా. మందు బాగానే ఉందంటావా?"

"ఐసులో పెట్టాను మావయ్యా."

"ఐసెక్కడ దొరికిందిరా నీకు ఈ గాలివానలో?"

"రొయ్యల ఐసు. ఫ్యాక్టరీకి వెళ్ళి తెచ్చాను."

మావయ్య నా మొహంలోకి చూశాడు. కళ్ళు చెమర్చాయి. "నా కోసం అంత వానలో వెళ్ళావట్రా" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఆ సూది వేసింది నేనే. తర్వాతి రెండూ నేనే వేశాను.

ఆయనకి ఏమీ కాలేదు. ఈ మాట ముందే చెప్పేయాలి. మీరూ నాలాగే భయపడుతూ కూర్చోవడం న్యాయం కాదు. కానీ ఏమీ కాలేదని నాకు ఎప్పుడు తెలుస్తుంది? ఆ జబ్బు నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత కూడా బయటపడొచ్చని చదువుకున్నవాణ్ణి. మొదట కనబడేది నీళ్ళంటే భయం. గొంతు దిగదు. గ్లాసు చూస్తేనే వణుకు.

అందుకని వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ముందు వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి మావయ్యకి ఇచ్చేవాణ్ణి. తాగేదాకా ఎదురుగా నిలబడేవాణ్ణి. గొంతులో గుటక కదిలితే నా గుండె కుదుటపడేది. వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి. దాహం లేకపోయినా ఆయన తాగేవాడు, నేను తెచ్చానని. "మావాడు గుమ్మంలోకి రాగానే తనకి కాదండీ, ముందు నాకు మంచినీళ్ళిస్తాడు. కన్నకొడుకులు కూడా చేయరు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పాలసీ గురించి చెప్పుకోవడం మానేశాడు. ఆ గొప్ప నాకు ఇచ్చాడు.

ఒకసారి అలా తాగుతుండగా మావయ్యకి పొలమారింది. కళ్ళు ఎర్రబడి, నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. నేను గోడ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అత్తయ్య ఆయన నడినెత్తిన తడుతూ "ఎవరో తలుచుకుంటున్నార్లెండి" అంది. తర్వాత నావైపు తిరిగి "పొలమారితేనే ఇంతిదైపోతావేంట్రా, పిచ్చి సన్నాసీ!" అని నవ్వింది. తలుచుకుంటున్నది ఎవరో నాకు తెలుసు. గ్లాసు పట్టుకుంటే తలుచుకుంటాను, గ్లాసు దించితే తలుచుకుంటాను. ఆ తర్వాత రెండు రాత్రులు వాళ్ళింట్లోనే పడుకున్నాను. మావయ్య దాన్ని కూడా నా మంచితనంలోనే కలిపేసుకున్నాడు.

కింది పళ్ళు మాత్రం ఏడాది పాటు లేవు. జంతికలు కాఫీలో నానబెట్టుకుని తినేవాడు. మరుసటేడు నేనే కట్టించాను. అందరూ మెచ్చుకున్నారు. పళ్ళు కట్టించడం ఎంత తేలికో నాకు అప్పుడే అర్థమైంది.

చాలా ఏళ్ళకి, షాపుకి వచ్చే పిల్లల డాక్టరుగారితో ఎవరి సంగతో అన్నట్టు ఈ మాట కదిపాను. అది పొడిమందు కదా, కొన్నాళ్ళు వెచ్చబడినా చెడిపోయి ఉండకపోవచ్చు అన్నారాయన. ఆ పూట ఇంటికి వెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ బరువు మొదలైంది. మందు బతికే ఉందేమో. కానీ నేను నోరు మూసుకున్నప్పుడు నాకా సంగతి తెలియదు. చచ్చిన మందనుకునే నేను ఆయన చేతికి ఎక్కించాను. మరి ఇందులో డాక్టరుగారు నాకు మాఫీ చేయగలిగింది ఏముంది?

ఈమధ్య మావయ్యకి ఆయాసం ఎక్కువైంది. న్యుమోనియా రాకుండా సూది వేయించుకోమన్నారు. ఖరీదైనదే. మళ్ళీ పాలసీ బయటికి తీశాడు. మళ్ళీ అదే జవాబు. "మనం బాగుంటే వీళ్ళకి పట్టదురా, పడిపోతేనే ప్రేమ" అన్నాడు అరుగు మీద కూర్చుని. నేను అలవాటుగా నీళ్ళు తెచ్చి ఇచ్చాను. గ్లాసు అందుకుంటూ అన్నాడు. "వేయించుకుంటే నీ దగ్గరే వేయించుకుంటా. గాలివానలో ఐసు తెచ్చి నా ప్రాణం కాపాడినవాడివి."

ఇంక నా వల్ల కాలేదు.

చెప్పేశాను. గిరాకీ సంగతి, రొయ్యల లారీలు, ఊక, వెచ్చటి నీళ్ళు, జిగురు. ఎక్కడా ఆగలేదు. మావయ్య వింటూ వింటూ చేతిలో గ్లాసు వైపు చూశాడు. అప్పుడు అడిగాడు.

"అందుకేనట్రా మంచినీళ్ళు?"

ఇన్నేళ్ళుగా ఏ మాటకైనా సిద్ధపడే ఉన్నాను గానీ ఆ ప్రశ్నకి సిద్ధపడలేదు.

"మొదట్లో అందుకే మావయ్యా. తర్వాత్తర్వాత ఎందుకో నాకే తెలీదు."

ఆయన గ్లాసు తాగకుండానే అరుగు మీద పెట్టాడు.

తర్వాతేమైందని మీరు అడుగుతారు. ఆ న్యుమోనియా సూది ఆయన రాజమండ్రి వెళ్ళి వేయించుకున్నాడు. డబ్బు నేను కడతానన్నాను, వద్దన్నాడు. ఇప్పుడూ వాళ్ళింటికి వెళ్తున్నాను. అత్తయ్యకి చెప్పాడో లేదో తెలియదు. నాతో మాట్లాడతాడు, కరెంటు బిల్లు గురించి, రైళ్ళ గురించి. నీళ్ళు మాత్రం తనే లేచి వెళ్ళి తెచ్చుకుంటాడు. ఆయన గుటక వేస్తున్నప్పుడు నేను వేరే వైపు చూస్తాను. చూడకుండా ఉండగలుగుతున్నాను. నాకు దక్కింది అంతే, అదీ తక్కువేం కాదు.

ఆ రోజు సంగతి పూర్తి చేస్తాను. లోపలి నుంచి అత్తయ్య "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది, వాణ్ణి కూడా రమ్మనండి" అని పిలిచింది. మావయ్య గోడ పట్టుకుని లేచాడు. గుమ్మం వైపు నడుస్తున్న ఆయన వీపుతో, "తప్పయిపోయింది మావయ్యా" అన్నాను. ఆయన ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు. వీపుకి చెప్పింది లెక్కలోకి రాదనిపించింది. ఇన్నాళ్ళూ నేను చేసింది అదే కదా. లేచి, చుట్టూ తిరిగి, గుమ్మంలో ఆయనకి ఎదురుగా నిలబడి, మొహంలోకి చూస్తూ మళ్ళీ చెప్పాను.

"ఐసు కరిగిపోయింది మావయ్యా. తెలిసీ నీకు వేశాను. నన్ను క్షమించు."