మెట్ల కింద విన్న రుద్రం

గోదావరి ఒడ్డున మా నాన్నగారు అర్చకత్వం చేసిన శివాలయం రెండంతస్తులది. లింగం అంత ఎత్తు మరి. పానవట్టం కింది గదిలో ఉంటే, లింగం తల పై అంతస్తులోకి వచ్చేది. అభిషేకం పైనే జరిగేది. పైకి వెళ్ళడానికి గోడల మధ్య ఇరుకైన రాతి మెట్లుండేవి. పట్టపగలు కూడా అక్కడ చీకటే. అభిషేక వేళ నాన్నగారు తప్ప ఎవరూ ఆ మెట్లెక్కేవారు కాదు. నేను పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని అడుగు మెట్టు మీద కూర్చునేదాన్ని. ఆయన గొంతు రాళ్ళకు తగిలి కిందికి దిగేది. నమకం, చమకం నాకలా వినికిడితోనే వచ్చేశాయి. ఓ రోజు నేను పైకే చదువుకుంటుంటే నాన్నగారు విన్నారు. కోప్పడలేదు. "బావుందమ్మా. బుర్రలో ఉంచుకో, నోటికి రానివ్వకు" అన్నారు.

పెళ్ళయ్యాక దేశం దాటి వచ్చేశాను. ఇక్కడి కాజిల్‌బార్ ఆసుపత్రిలో నా భర్త మత్తు డాక్టరు. ఆయనదీ అర్చకుల ఇంటిపేరే గాని, వాళ్ళ తాతగారితోనే ఆ విద్య ఆగిపోయింది. ఇక్కడి తెలుగువాళ్ళకు ఆ సంగతి పట్టలేదు. ఇంటిపేరు వినగానే "ఇంకేం, మనకి పంతులుగారు దొరికేశారు" అన్నారు. ఆయన మొహమాటస్తుడు, కాదనలేకపోయారు. ఫోనులో చూసి చదవబోతే తడి వేళ్ళకు తెర కదలలేదు. అప్పటి నుంచి ఆయన పీట మీద, నేను ఆయన వెనక. ఆగినచోటల్లా పెదవులు కదిలీ కదలనట్టు అందించేదాన్ని. మొదట్లో ఇంటికొచ్చి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. రానురాను ఆ చోటు నాకు ఖాయమైపోయింది. పూజయ్యాక అందరూ ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి, నా చేతికి కొబ్బరిచిప్పలిచ్చేవారు.

పోయిన కార్తీకంలో ఓ సోమవారం సాయంత్రం, మా అందరికీ పెద్దదిక్కులాంటి ఒక ఆంటీ ఇంట్లో అభిషేకం పెట్టుకున్నారు. సోఫాలు గోడకు జరిపి, పొగకి అలారం మోగకుండా దానికో ప్లాస్టిక్ సంచి కట్టారు. పాలు, తేనె, చెరకురసం గిన్నెల్లో సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు మావారి ఫోను.

"ఎమర్జెన్సీ ఆపరేషన్ వచ్చింది. ఎప్పటికి తెములుతుందో తెలీదు. నువ్వే చదివెయ్యకూడదూ? వచ్చింది నీకే కదా" అన్నారు.

ఫోను పెట్టేసి, గుండె గట్టిచేసుకుని అడిగాను. "ఆంటీ, నాకు రుద్రం వచ్చు. ఈ పూటకి నేను చదవనా?"

ఆంటీ నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి మెత్తగానే ఉంది.

"వచ్చని మాకు తెలీదా అమ్మా? కానీ ఆడవాళ్ళం, ఎందుకొచ్చిన గొడవ చెప్పు. అబ్బాయి వచ్చేదాకా ఫోన్లో రికార్డింగు పెడదాంలే. నువ్వు కాస్త పిల్లల్ని చూద్దూ."

నేను తలూపి మేడ మీదికి వెళ్ళాను. కింద స్పీకరులో ఎవరో మగగొంతు మొదలుపెట్టింది. మధ్యలో కారు ఇన్సూరెన్సు ప్రకటన వచ్చింది. ఎవరో గబుక్కున ఆపారు.

పిల్లలు కథ చెప్పమన్నారు. మా గుడి కథ చెప్పాను. తారకాసురుడి గొంతులో ఓ లింగం ఉండేదట. కుమారస్వామి దాన్ని ముక్కలు చేస్తే, ఒక్కో ముక్క ఒక్కో చోట పడింది. అవి మళ్ళీ ఒక్కటవ్వాలని పెరగడం మొదలుపెట్టాయి. దేవతలు హడలిపోయి ఎక్కడివక్కడ ప్రతిష్ఠ చేసి, చుట్టూ గుడి కట్టేశారు. మా ఊళ్ళోది అప్పటికీ ఆగక పై అంతస్తు దాకా పెరిగితే, నెత్తిన మేకు కొట్టి ఆపారట.

మా అమ్మాయి నుదురు చిట్లించింది. "బట్ వై, మా? హి ఓన్లీ వాంటెడ్ టు బి టుగెదర్."

"అలా పెరుగుతూ పోతే లోకంలో చోటు చాలదని భయపడ్డారమ్మా."

"ఆర్ దే స్టిల్ అఫ్రెయిడ్, లైక్?"

"ఏమో" అన్నాను.

మావారు వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. నుదుటి మీద ఆపరేషన్ టోపీ అచ్చు ఇంకా పోలేదు. ఎక్కడివారు అక్కడ సర్దుకున్నారు. నేనూ వెళ్ళి నా చోట నిలబడ్డాను. ఈసారి అందించకూడదనుకున్నాను. నమకంలో సగం దాటాక ఆయన ఆగారు. తల కొంచెం వెనక్కి తిప్పారు. నేను పెదవులు బిగించాను. వెనక్కెళ్ళి మళ్ళీ ఎత్తుకున్నారు, మళ్ళీ అక్కడే ఆగారు. చెవులు ఎర్రబడ్డాయి. లింగం మీద పాలధార సన్నబడింది. పొద్దున్నుంచీ నిలబడి వచ్చిన మనిషి. జాలేసింది, అంతలోనే ఒళ్ళు మండింది. ఏది ముందో తేల్చుకోకముందే ఆయన మరిచిన మాట నా నోట్లోంచి వచ్చేసింది, ఎప్పటికన్నా గట్టిగానే. ఎవరూ తల తిప్పలేదు. ఆయన అందుకుని ముందుకు సాగిపోయారు.

కార్లో ఆయన అడిగారు. "ఇందాక ఎందుకాగావు?"

"మర్చిపోయాను."

"నువ్వా?"

మలుపు తిరిగాక మళ్ళీ ఆయనే అన్నారు, "ఇక నావల్ల కాదని వాళ్ళకి చెప్పేస్తాను."

"చెప్పండి. రికార్డింగు పెట్టుకుంటారు. నన్ను మాత్రం పిలవరు."

ఇంటి ముందు కారాగుతుండగా ఆంటీ మెసేజ్ వచ్చింది. అబ్బాయి అద్భుతంగా చదివాడనీ, వచ్చే సోమవారం వాళ్ళ చెల్లెలి ఇంట్లో అభిషేకమనీ, ప్రసాదాల పని ఉంటుంది గనక నన్ను కాస్త ముందే రమ్మనీ. ఆయన నా వైపు చూశారు. నేను దిగకుండానే "అలాగే ఆంటీ" అని కొట్టి పంపాను.