ఎనిమిది లేని సంఖ్య

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ పక్క సందులో కాలిక్యులేటర్లు బాగుచేసే పైడిరాజును ఎరగని వర్తకుడు లేడు. చేతిలో ఫోనుండగా ఇంకా ఆ డబ్బాలెవరికి అంటారేమో, బియ్యం కొట్లకు వెళ్లి చూడండి. పన్నెండంకెల పెద్ద మిషను లేని గల్లాపెట్టె ఒక్కటి కనబడితే నన్నడగండి.

బాగుచేసిన ప్రతి మిషను మీదా ఆయన కొట్టి చూసేది ఒకే సంఖ్య: 12345679. అందులో ఎనిమిది ఉండదు. బడిలో కూర్మయ్య మాస్టారు ముచ్చటపడి నేర్పిన సంఖ్య. తొమ్మిదితో గుణిస్తే అన్నీ ఒకట్లు, పద్దెనిమిదితో అయితే అన్నీ రెండ్లు. డెబ్బైరెండుతో గుణించారా, తనలో లేని ఆ ఎనిమిదే తొమ్మిదిసార్లు వచ్చి వరసగా కూర్చుంటుంది. ఎనిమిది వెలగాలంటే అంకెలోని గీతలన్నీ వెలగాలి. ఒక్క గీత చచ్చినా అక్కడే దొరికిపోతుంది.

పెళ్లైన కొత్తలో భార్య కమలాదేవిని, “నీకే అంకె ఇష్టమో సెప్పు,” అని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి వదిలించుకుందామని ఆవిడ “ఐదు” అంది. నలభైఐదుతో గుణించి, తెర నిండా ఐదులు చూపించాడు మహానుభావుడు.

“సీరేదైనా పెడతావనుకుంటే ఈ అంకెలేటయ్యా,” అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

మొన్న వానల్లో కొట్లోనే పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. పడేటప్పుడు చేతిలో ఉన్న మిషను కమలాదేవి సంచిలోనే ఉండిపోయింది. ప్రాణం దక్కింది సరే, మనిషి దక్కాడా? తనను పోల్చుకుంటున్నాడా? ఆస్పత్రిలో ఆవిడకు అదొక్కటే బెంగ.

డాక్టర్ శైలజ ఆయన ఎడమచేతికి పెన్నిచ్చి, ఒకటి నుంచి తొమ్మిది దాకా వెయ్యమంది. వంకరటింకరగా వేశాడు. ఏడు పక్కనే తొమ్మిది.

“ఎనిమిది మర్చిపోయారమ్మా. జ్ఞాపకం కొంచెం దెబ్బతిన్నట్టుంది,” అంది డాక్టరమ్మ మెల్లగా.

కమలాదేవి మళ్లీ కాగితం చూసింది. గబగబా సంచిలోంచి మిషను తీసింది.

“మర్సిపోనేదమ్మా. ఇది ఆయన సంఖ్య. మీరే సూడండి.” ఆ అంకెలే కొట్టి, డెబ్బైరెండుతో గుణించింది. తెర నిండా ఎనిమిదులు. డాక్టరమ్మ మొహం విప్పారింది.

అప్పుడు పైడిరాజు ఎడమచెయ్యి చాచి మిషను అడిగాడు. ఒక్క వేలితో, ఒక్కో మీట వెతుక్కుంటూ అదే సంఖ్య కొట్టాడు. గుణకారం నొక్కాడు. నాలుగు, ఐదు. తెరను భార్య వైపు తిప్పాడు.

అన్నీ ఐదులే.

కమలాదేవి బోరుమంది. ఏ దేవుడికి మొక్కాలో, ఏ లోకంలో ఉన్న మాస్టారికి మొక్కాలో తోచక ఆ మిషనుకే రెండు చేతులూ జోడించింది.

“ఇంకెప్పుడూ సీర అడగనయ్యా,” అంది.