పీట మీంచి లేవడం

బాత్రూములో పడ్డాక నా కాళ్లు నా మాట వినడం మానేశాయి. అప్పుడు కూర్మన్నపాలెంలో మా ఇంటికి స్కూటీ మీద వచ్చేది ఒక ఫిజియోథెరపీ అమ్మాయి. ముసలివాళ్లకే వైద్యం. ఎవరినీ పట్టి లేపేది కాదు. వీపు వెనక గాలిలో అరచెయ్యి ఉంచి నిలబడేది, తాకేది కాదు.

"కాస్త పట్టుకోవచ్చు కదమ్మా!"

"నాను పట్టుకుంటే మీ కాళ్లు సెలవెట్టేత్తాయి తాతగారూ."

మా ఆవిడ ఆబ్దికం దగ్గరపడింది. మాకు కొడుకుల్లేరు, పిండం నేనే పెట్టాలి. కుర్చీలో కూర్చుని పెట్టినా ఫరవాలేదన్నారు పంతులుగారు. నాకు మనసొప్పలేదు, కింద పీట మీదే కూర్చుంటానన్నాను. అది విని ఆ అమ్మాయి రోజూ చేయించే నడక ఆపించి, నేల మీంచి లేవడం నేర్పింది. పక్కకి ఒరిగి, చేతులూ మోకాళ్లూ ఆనించి, స్టూలు పట్టుకుని లేవాలి. పసివాడిలా పాకడానికి సిగ్గుపడ్డాను.

"సిగ్గేటి? అందరూ పాకి లెగిసినోళ్లే."

ఆబ్దికం నాడు పీట మీంచి ఒక్క ఊపులో లేచానని టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాను. కోతలే. పిండం పెట్టాక బంధువులందరి ముందూ మోకాళ్ల మీద ఆగిపోయాను. అల్లుడు చెయ్యి చాచాడు.

"ఒగ్గీండి బాబూ, ఆయనే లెగుత్తారు" అంది, నేను పిలిస్తే వచ్చిన ఆ అమ్మాయి, వెనక నుంచి.

స్టూలు పట్టుకుని, ఆగి ఆగి ఒక్కో పాదం నేలకి ఆనించాను. చివరికి లేచి నిలబడ్డాను. కళ్లు తుడుచుకుని చూస్తే, గోడ మీద మా ఆవిడ ఫోటో సరిగ్గా నా ఎదురుగా ఉంది.