ధాన్యం పక్కన మూరెడు దారి

ఇంటి నుంచి మెట్రో స్టేషను దాకా నడవలేక, నిలబడి నడిపే చిన్న కరెంటు స్కూటర్ కొనుక్కున్నాను. హైదరాబాదులో దాన్ని ఫుట్‌పాత్ ఎక్కిస్తే నడిచేవాళ్లు తిట్టేవారు, రోడ్డెక్కిస్తే కార్లవాళ్లు తిట్టేవారు. ఒక కానిస్టేబులైతే, "ఇది ఏ రూల్లోనూ లేదు, ఇంట్లో పెట్టుకో" అన్నాడు.

మొన్న వేసవిలో డెల్టాలోని కొత్తపేటలో స్నేహితుడింటికి వెళ్తూ దాన్ని మడిచి బస్సులో తీసుకెళ్లాను. మర్నాడు పొద్దున్నే దాని మీద కాలవ రోడ్డు వెంట బయల్దేరితే, సగం రోడ్డు బరకాలు పరిచి ధాన్యం ఆరబోసి ఉంది. కాళ్లతో ధాన్యం తిరగేస్తున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. ఇక్కడా తప్పలేదనుకుని, అడక్కముందే సంజాయిషీ మొదలుపెట్టాను.

"దీనికి పర్మిషన్ లేదమ్మా. దిగి తోసుకుంటూ పోతాను."

"మా ధాన్యానికి మాత్రం ఉందా ఏంటండీ?" అని నవ్వింది. "ఎదర నుంచి లారీలొస్తాయండి. కాస్త ఆగండి."

ఆవిడ కాలవగట్టు వైపు వెళ్లి, రాళ్లు తీసి, బరకం అంచును మూరెడు లోపలికి మడిచి, మళ్లీ రాళ్లు పెట్టింది.

"ఇటు పక్క నుంచి వెళ్లండి. మనిషి మీదకొస్తారేమో గానీ, ధాన్యం మీదకి ఏ డ్రైవరూ రాడండి."

"మీకు శ్రమ కదమ్మా?"

"ఆయ్, వెళ్లిరండి."

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆవిడ అక్కడ లేదు. మడత మాత్రం అలాగే ఉంది. ఆ తర్వాతి బరకాలవాళ్లు కూడా, రోడ్డు మలుపు దాకా, వరసగా మూరెడేసి మడిచి ఉంచారు.