అది కింది స్లాబు

మా ఆయన చెన్నైలో మెట్రో స్టేషన్లు కట్టే పనిలో ఉన్నాడు. ఇనుప కంబీలు వంచి, తీగతో కట్టే పని. స్టేషన్ అయిపోతే వచ్చేస్తానని, ఇక హిందూపురంలోనే ఇళ్ళ పనులు చూసుకుంటానని చెప్పి పోయాడు. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

రోజూ పని ముగిశాక ఫోన్‌కు ఫోటోలు పంపేవాడు. మొదట గుంతలు, తర్వాత స్తంభాలు. పనివాళ్ళు ఉండే షెడ్డులో అందరి మధ్య వీడియో కాల్ అంటే సిగ్గట. పెళ్ళాంతో మాట్లాడటానికి సిగ్గుపడే మనిషి కంబీలను మాత్రం నాలుగు వైపుల నుంచీ చూపించేవాడు.

ఆయన పోయాక నేను చింతపండు గింజ తీసే పనిలో చేరాను. అక్కడ పక్కన కూర్చునే అవ్వ ఆయనను ఎప్పుడూ చూడలేదు, ఫోటోలు మాత్రం రోజూ చూసేది. "ఎంతకొచ్చిందమ్మా మీ స్టేషను?" అని అడిగేది. నవ్వొచ్చేది. ఇంటికి వచ్చి తాళం తీశాక ఆ నవ్వు ఉండేది కాదు. ఒక్కదానికే వండుకోబుద్ధి కాక పొద్దుటి సంగటే తిని పడుకునేదాన్ని.

ఒకరోజు ఫోటోలో స్లాబు కనిపించింది. కింద "స్లాబు అయింది, ఆదివారం సెలవు" అని రాశాడు. మా వైపు మిద్దెకు స్లాబు వేసిన రోజు ఇంటివాళ్ళు పనివాళ్ళందరికీ మాంసం కూర పెడతారు, మేస్త్రీకి తువ్వాల కప్పుతారు. దాంతో కంబీలవాళ్ళకు ఆ ఇంట్లో పని తీరిపోయినట్టే. ఆయన వచ్చేస్తున్నాడనుకున్నాను. ఆదివారం మాంసం వండి మా ఊరి రైలు స్టేషనుకు పోయాను. బెంగుళూరు నుంచి వచ్చిన రైళ్ళలోంచి హిందూపురంవాళ్ళు దిగారు. పెనుకొండ, ధర్మవరం పోయేవాళ్ళు కిటికీల్లోంచి నన్ను చూస్తూ పోయారు. చివరికి ఫోన్ చేశాను.

"యాడుండావు?"

"యాడుంటా, షెడ్డులోనే. బట్టలు ఉతుక్కుంటాండా."

"స్లాబు అయిపోయిందంటివే?"

నవ్వాడు. "అది కింది స్లాబు మే. ఆడ టికెట్లు ఇస్తారు. రైలు నిలబడేది ఇంకా పైన."

అప్పుడే నా పక్కన మైకులో ఏదో రైలు వస్తోందని చెప్పారు. నేను ఎక్కడున్నానో ఆయనకు తెలిసిపోయింది. నవ్వు ఆపేశాడు. ఫోన్ పెట్టేశాను. కూర గిన్నె అవ్వ వాళ్ళింట్లో ఇచ్చి వచ్చాను.

తర్వాత పై స్లాబు వేశారు, దాని మీద రేకుల కప్పు కూడా వచ్చింది. ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు, ఏమీ వండలేదు. అనుకున్నట్టే ఫోన్ వచ్చింది.

"మమ్మల్ని ఇంకో స్టేషనుకు పంపుతాండారు. అదొక్కటి అయితే వచ్చేస్తా."

ఒళ్ళు మండింది. "ఇంక గుంతల ఫోటోలు పంపొద్దు. నాకేం పని వాటితో? నీ మొకం పంపు," అన్నాను.

మరుసటి రోజు పంపాడు, హెల్మెట్ చేతిలో పట్టుకుని. చెవుల పక్కన జుట్టంతా తెల్లబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. స్తంభం ఎంత లేచిందో, రేకు ఎక్కడిదాకా వచ్చిందో నాకు రోజూ తెలిసేది. ఇది మాత్రం తెలియలేదు.

పనిలో కూర్చుని నేను కళ్ళు తుడుచుకుంటుంటే అవ్వ అలవాటుగా ఫోన్ తీసుకుని చూసింది.

"మీ నాయనా?" అంది.

"కాదవ్వా, మా ఆయనే," అన్నాను.