మంచుబండి చక్రాలు

మంచు మీద నడిచే బండిని ఖతార్‌కి తెప్పించుకున్న మనిషిని ఎక్కడైనా చూశారా? మా కఫీల్ తెప్పించుకున్నాడు. కఫీల్ అంటే మా వీసా యజమాని. ఆయన సంతకం లేనిదే మాకు పనీ లేదు, ఇంటికి పోయే విమానమూ లేదు. తొంభై నాలుగు ఎండాకాలంలో యూరప్ వెళ్లినాయన, ఎవరి షెడ్డులోనో తుప్పు పడుతున్న పాత బండి మీద మనసు పడ్డాడు. ముందు రెండు పొడుగాటి బద్దలు, వెనక రబ్బరు బెల్టు, ఆ బెల్టు లోపల చిన్న చిన్న చక్రాలు. దాన్ని ఇసుక తిన్నెల మీద నడిపి చుట్టాలకు చూపించాలట. ఏం చెప్పమంటారు!

ఆ బండిని సంజీవరావుకి అప్పగించాడు. ఎందుకంటే ఖతార్ రాకముందు అతను భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఫిట్టరు. రొయ్యల కోసం ఐసు దిమ్మలు పోసే ఫ్యాక్టరీ అది. "నీకు మంచు సంగతి తెలుసు కదా" అన్నాడు కఫీల్. గ్యారేజీలో అందరం కడుపు పట్టుకుని నవ్వాం. సంజీవరావు మాత్రం బుద్ధిగా తలూపాడు.

అతని తీరే అంత. నేను జగిత్యాలవాణ్ణి, పేరు ఖయ్యూమ్, నోరు పెద్దది. అతను నాకంటే బాగా పెద్దవాడైనా నన్ను "అండీ" లేకుండా పిలిచేవాడు కాదు. స్పానరు చేజారి కింద పడితే స్పానరుకి కూడా "అయ్యో, చూసుకోవాలండీ" అని చెప్పే రకం. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు తమ క్రైస్తవుల ప్రార్థన అయ్యాక భార్య సుసన్నకి ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగేవాడు. మిగతాదంతా ఆవిడ మాట్లాడేది, ఇతను రిసీవరు చెవికి ఆనించుకుని వినేవాడు. అదే వాళ్ల సంసారం.

బెల్టు విప్పి చక్రాలు ఒక్కొక్కటే ఊడదీశాడు. ప్రతి చక్రంలోనూ ఒక బేరింగు. ఏళ్ల తరబడి కదలక లోపలి గ్రీజు మైనంలా గట్టిపడింది. కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పేవాడు. గరగరమంటే మళ్లీ కిరసనాయిల్లోకే. తర్వాత అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుని దానికేసి అదిమేవాడు. గ్రీజు అవతలి పక్క నుంచి పైకి వచ్చేదాకా వదిలేవాడు కాదు.

"గ్రీజు గన్నుతోని కొడితే అయిపోతది గదనే?" అన్నాను.

"చేతికైతే తెలుస్తుందండి, గన్నుకేం తెలుస్తుంది" అన్నాడు.

సగం చక్రాలు అయ్యాయో లేదో, ఒకరోజు పొద్దున గ్యారేజీకి ఫోన్ వచ్చింది. అతని బావమరిది వెస్లీ చేశాడు. సంజీవరావు విని, రిసీవరు పెట్టేసి, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"సుసన్న పోయిందంటండి. గుండె ఆగిపోయిందంట. ఐసు మీద పెట్టారంట. మన ఫ్యాక్టరీ ఐసేనంట" అని, మళ్లీ చక్రం చేతికి తీసుకున్నాడు.

వాళ్ల వైపు గల్ఫ్‌లో ఉన్న మనిషి వచ్చి ముఖం చూస్తేనే గాని సమాధికి తీసుకెళ్లరు. అయితే ఆ ఎండల్లో ఐసు మాత్రం ఎన్నాళ్లని ఆపుతుంది? రేపటికల్లా బయల్దేరకపోతే ఇక చూడలేడు. కఫీల్‌కి ఫోన్ చేశాను. "మళ్లీ చావా? ముందు బండి కానివ్వు" అని పెట్టేశాడు. పూర్తిగా ఆయన తప్పని కూడా అనలేను. మా గ్యారేజీలోని మస్తాన్ సెలవు కోసం ఒకే తాతని రెండుసార్లు చంపాడు మరి!

నాకు ఒళ్లు మండిపోయింది. టాక్సీ ఎక్కి అల్ సద్‌లో ఆయన ఇంటికే వెళ్లి, గుమ్మంలోనే అరిచాను. "నమ్మకపోతే నువ్వే ఫోన్ చెయ్ అర్బాబ్!" అని భీమవరం నంబరు చెప్పాను. ఆయన విసుక్కుంటూనే తిప్పాడు. తెలుగు ముక్క రాదు ఆయనకి. రావలసిన పనీ లేకపోయింది. రిసీవరులోంచి ఆడవాళ్ల ఏడుపు నా దాకా వినిపించింది. ఆయన ముఖం వాడిపోయింది. మెల్లగా ఫోన్ పెట్టేసి, దేశం దాటే కాగితం మీద సంతకం చేసి, టికెట్ బుక్ చేయించి, తానే కారు తీశాడు.

గ్యారేజీలోకి పరిగెత్తుకుంటూ వెళ్లాను. "సంజీవన్నా, లే! సంతకమైంది, టికెట్ గూడ అయింది. యల్లా!"

"ఇదొక్కటీ అయిపోనివ్వండి" అన్నాడు. అయ్యాక ఇంకొకటి తీసుకున్నాడు. "ఇదొక్కటండి."

"నీకేమన్న పిచ్చి లేసిందానే? ఆడ వదినను ఐసు మీద పెట్టుకొని నీకోసం కూసున్నరు!"

అతను తలెత్తలేదు. "వెళ్తే నిజమైపోద్ది కదండీ" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అతనికి రాలేదు. నా వెనకే వచ్చిన కఫీల్ తెల్లటి బట్టలతోనే నేల మీద కూర్చుని, అతని చేతిలోంచి చక్రం తీసుకున్నాడు. చొక్కా చేతికి నల్లగా గ్రీజు అంటింది. "ఖలాస్, సంజీవ్" అన్నాడు. అప్పుడు లేచాడు సంజీవరావు. చేతులు కూడా కడుక్కోకుండా కారెక్కాడు.

సెలవు అయ్యాక తిరిగొచ్చాడు. మిగిలిన చక్రాలు అలాగే ఉన్నాయి, ఎవరమూ ముట్టుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, ఉండబట్టలేక అడిగాను. "చూసినవా అన్నా?"

"చూశానండి. వేళకే అందుకున్నాను. ముఖం అలాగే ఉంది. చెంప మీద చెయ్యేశాను. ఐసు కదండీ, చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. అయినా తియ్యబుద్ధి కాలేదు. ఆఖరికి వెస్లీ పట్టుకుని తీశాడు."

అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగు అదిమాడు. అవతలి పక్క నుంచి గ్రీజు పైకొచ్చి, వేళ్ల మీదుగా కారుతున్నా అదుముతూనే ఉన్నాడు.

"అన్నా, నిండింది. సాలు" అన్నాను.

"నిండిందాండి?" అని చేతికేసి చూసుకున్నాడు. "నాకింకా తెలవట్లేదండి."