ముత్తక్క ఖాతాలో పడిన ఊరి దుడ్డు

మా తోడికోడలు ముత్తక్కకు బ్యాంకంటే నమ్మకం లేదు. తిరుమణి పక్కన ఆమె పేరునున్న నాలుగెకరాలు సోలారు పార్కుకు ఇచ్చిన దగ్గర్నుంచి ఏటా కౌలు దుడ్డు ఖాతాలో పడుతుంది. పడిన రోజే బస్సెక్కి పోయి అంతా తీసుకుని గొర్రెపిల్లలు కొంటుంది. "బ్యాంకులో పెడితే దుడ్డు మేస్తాదా, ఈంతాదా?" అంటుంది.

మగడు పోయినాక వేరుశనగ చేలో కలుపు తీసి, గొర్రెలు కాచి, ఒక్కగానొక్క కూతురు రక్షితను నర్సు చదివించింది. రక్షిత ఇప్పుడు ఐర్లాండులో ఆసుపత్రిలో పని చేస్తుంది. కడుపుతో ఉంది, ఏడో నెల. బీపీ ఎక్కువగా ఉందని డాక్టర్లు చెప్పారట. "అమ్మా, నువ్వు రా" అని ఫోనులో ఏడ్చింది.

మా కూతురి కాన్పుకు నేను తుమకూరు ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తము. ముత్తక్క ఫోను పెట్టేసి నా ముఖమే చూసింది.

వై.ఎన్.హొసకోటలో వీసా కాగితాలు నింపే కేశవమూర్తి దగ్గరికి ఇద్దరం పోయాము. ఆయన పాసుపుస్తకం తిప్పి చూశాడు.

"ఆరు నెల్ల లెక్క చూస్తారక్కా. నీ పుస్తకంలో ఎనిమిది నూర్లుండాది. ఆడికి పోయి ఏం తింటావని అడగరా?"

"నలభై గొర్రెలుండాయప్పా."

"గొర్రెలకు ఏ బ్యాంకన్నా స్టేట్‌మెంటు ఇస్తాదా?" అని నవ్వాడు. ముత్తక్క నవ్వలేదు.

ఆ తర్వాత జరిగిన తప్పు నాది. మా ఊళ్లో పెళ్లింటికి ఇంటికింత దుడ్డు అని ముయ్యి పెడతాము. వాళ్లు మళ్లీ మన ఇంటి పెళ్లికి పెడతారు. ఇదీ అట్లే చేద్దామని నేనే అన్నాను. కౌలు పడి నెల కూడా కాలేదు కాబట్టి అందరి దగ్గరా అంతో ఇంతో ఉంది. తొమ్మిది ఇళ్లవాళ్లు ఒకే రోజు ఆమె ఖాతాలో వేశారు. నాలుగు లక్షలైంది. ఊరి దుడ్డు తన పేరున ఉందని ఆమెకు ముద్ద దిగలేదు.

కొత్త లెక్క చూసి కేశవమూర్తి తల పట్టుకున్నాడు. "ఎవురు చెప్పినారమ్మా మీకీ పని? ఒకే దినం తొమ్మిది పేర్లు! చూపించేదానికి అడుక్కొచ్చినారని చిన్నపిల్లోడైనా కనిపెడతాడు."

"నేనే చెప్పినా" అన్నాను.

బెంగళూరులో కాగితాలిచ్చే తేదీకి పన్నెండు రోజులే ఉన్నాయి. దుడ్డు వెనక్కి తీసుకొమ్మంటే పక్కింటి నాగప్ప ఎగతాళి చేశాడు. "ఏమక్కా, మా దుడ్డు విమానం ఎక్కదా? మేమూ వచ్చి సాక్షి చెప్తాం, టికెట్లు తియ్యి!"

"నీకు టికెట్టు తీస్తే ఆ దేశాన్నే అమ్ముకొని వస్తావులే, నాగప్పా" అంది ముత్తక్క. ఆ పన్నెండు రోజుల్లో ఆమె ఆడిన హాస్యం అదొక్కటే.

అందరికీ బ్యాంకులోనే తిరిగి వేసింది. గొర్రెల వ్యాపారి మల్లేశప్పను పిలిపించి, ముప్పై గొర్రెలు అమ్మింది. ఆయన దుడ్డు చేతికి ఇస్తానంటే ఒప్పుకోలేదు. "ఖాతాలో వెయ్యి, రసీదు రాసియ్యి" అని పట్టుబట్టింది. లారీలోకి ఎక్కించేటప్పుడు మాత్రం ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

"ఉన్నది ఉన్నట్టు రాయప్పా. ఊరోళ్లు వేసినారు, నేను తిరిగిచ్చినాను, ఇది నా గొర్రెల దుడ్డు అని రాయి" అని కేశవమూర్తితో చెప్పింది. ఆయన ఇంగ్లీషులో ఉత్తరం రాసి, కౌలు పత్రం, రసీదు, రక్షిత జీతం కాగితాలు జతచేశాడు. ముత్తక్క బళ్లో నేర్చుకున్న కన్నడలో నిదానంగా సంతకం పెట్టింది.

బెంగళూరులో కాగితాలిచ్చి వచ్చాక ముప్పై నాలుగు రోజులు ఎదురుచూశాము. పోస్టు బండి చప్పుడు వినపడితే ఇద్దరం వీధిలోకి వచ్చేవాళ్లం. రక్షితకు కాళ్లు వాచాయని తెలిసిన రోజు నేను అన్నం వండలేదు. వీసా వచ్చేసరికి డాక్టర్లు చెప్పిన తేదీకి ఆరు రోజులే మిగిలాయి.

ముత్తక్క వెంటనే విమానమెక్కింది. ఐర్లాండులో దిగాక ఎయిర్‌పోర్టులో కూడా అధికారులు ఆపి అడిగారట. ఆమె దిగే రోజంతా నేను ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దు వాలాక మోగింది.

"సుధా, దుడ్డుండాదా అని అడిగినారు. కాగితాలన్నీ ముందర పరిచినా. పోనిచ్చినారు. పిల్లకు నొప్పులు మొదలైనాయి. నేను ఆసుపత్రిలో దాని పక్కనే ఉండా. నా చెయ్యి ఇడిసేది లేదంటాది. ఉండు, లోపలికి పిలుస్తా ఉండారు, పోతా."